ఆర్మీ 6, ఇండియన్స్ 27

పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ కోసం నేనూ నా రూమ్మేటూ పాత అమెరికన్ కాలేజీ మ్యాచ్‌ల స్కోర్ల టేబుల్ ఒకటి దించుకున్నాం. వందేళ్లకు పైగా డేటా. ఏ జట్టు ఎవరితో ఆడింది, ఎన్ని పాయింట్లు, అంతే. దాన్ని శుభ్రం చేసి ఏదో ఒక ప్రిడిక్షన్ మోడల్ కట్టి, మార్కులు వేయించుకుందామన్నది మా ప్లాన్.

రాత్రి ఒంటిగంటకు స్క్రోల్ చేస్తుంటే ఒక వరుస కనబడింది. 9 నవంబర్ 1912. ఒక పక్క ఆర్మీ. ఇంకో పక్క 'కార్లైల్ ఇండియన్స్'. స్కోరు 27–6, ఇండియన్స్ గెలుపు.

"రేయ్, మనోళ్లు అమెరికా మిలిటరీని కొట్టినార్రా!" అని మావాడు మంచం మీంచి లేచాడు. ఓ పది నిమిషాలు మేమిద్దరం చాలా గర్వపడ్డాం. తర్వాత వెతికితే తెలిసింది, వాళ్లు మన ఇండియన్స్ కాదు. కొలంబస్ ఇండియాకి వచ్చాననుకుని వేరే ఖండంలో దిగి, అక్కడివాళ్లకి మన పేరు పెట్టాడు కదా, ఆ ఇండియన్స్. అమెరికా మూలవాసులు. మేం చేసిన తప్పు కొలంబస్ తప్పుకి తిరగేసిన కాపీ అన్నమాట.

ఇంకొకటి కూడా గమనించాం. ఆ జట్టు పేరు 1917 దాకా ఉంది. ఆ తర్వాత ఒక్క వరుస కూడా లేదు. హార్వర్డ్ ఉంది, ఆర్మీ ఉంది, పెన్సిల్వేనియా ఉంది. కార్లైల్ మాత్రం మాయం. మా ప్రాజెక్ట్ పద్ధతి ప్రకారం డేటా సరిగా లేని జట్లని డ్రాప్ చేసెయ్యాలి. ఒక్క లైను కోడ్. మావాడు ఆ లైను రాసేశాడు కూడా. నాకే ఎందుకో మనసొప్పలేదు. ఆర్మీని ఓడించినంత జట్టు ఐదేళ్లలో ఎట్లా మాయమవుతుంది? ఆ ప్రశ్న వెంట పడి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఆట సంగతి

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. నాకు అర్థమవడానికి చెడుగుడు సాయపడింది. చెడుగుడులో కూతకెళ్లినవాడు అవతలివాళ్ల నేలలోకి చొచ్చుకుపోవాలి, వాళ్లు వీణ్ణి పట్టి పడెయ్యాలి. ఇక్కడా అంతే. బంతి పట్టుకున్నవాడు ముందుకు ఉరకాలి, ఎదుటి జట్టు వాణ్ణి పట్టి కిందపడెయ్యాలి. పడిన చోటి నుంచి మళ్లీ మొదలు.

మైదానం పొడవు 100 గజాలు. గజం అంటే మన ఊళ్లలో ప్లాట్లు కొలిచే గజమే. 1912 నిబంధనల ప్రకారం ఒక జట్టుకి వరసగా నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో కనీసం 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు. పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. అట్లా గజం గజం పోయి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని తర్వాత ఇంకో పాయింటు కొట్టుకునే ఛాన్స్ ఉంటుంది. అంత దూరం పోలేమనుకుంటే బంతిని గోల్ కర్రల మధ్య నుంచి తన్నొచ్చు, దానికి 3.

ఇప్పుడు చెప్తే ఏదో లెక్కలాగా ఉంది గానీ, అప్పట్లో అది కొట్లాటే. ఆటగాళ్లంతా ముద్దగా ఒకరినొకరు పట్టుకుని గోడలాగా తోసుకుంటూ పోయేవాళ్లు. ఎవరు బరువుంటే వాళ్లదే గెలుపు. 1905 సీజన్ ఒక్కదాంట్లోనే అమెరికాలో కనీసం 18 మంది ఈ ఆటలో చచ్చిపోయారు. ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్ హౌస్‌కి పిలిపించి, ఆటని బాగుచేసుకోండి అని చెప్పాల్సొచ్చింది. 1906లో నిబంధనలు మార్చారు. అందులో ముఖ్యమైంది, బంతిని ముందుకు విసరొచ్చు అన్నది. దీన్ని ఫార్వర్డ్ పాస్ అంటారు.

పెద్ద జట్లు ఆ రూల్‌ని పెద్దగా పట్టించుకోలేదు. బరువుతో గెలుస్తుంటే విసరడం ఎందుకు? పైగా విసిరిన బంతి ఎవరికీ అందకపోతే 15 గజాల శిక్ష కూడా ఉండేది. ఆ రూల్‌ని సీరియస్‌గా తీసుకున్న మొదటి జట్లలో ఒకటి కార్లైల్. వాళ్లకి బరువు లేదు. వేగం ఉంది, తెలివి ఉంది.

అసలు అది కాలేజీయేనా?

ఇక్కడే కథ మారుతుంది. కార్లైల్ నిజానికి కాలేజీ కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊళ్లో, ఖాళీగా పడి ఉన్న మిలిటరీ బ్యారక్స్‌లో 1879లో మొదలైన ప్రభుత్వ హాస్టల్ బడి. పెట్టింది రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే మిలిటరీ ఆఫీసరు. అంతకుముందు ఆయన ఫ్లోరిడాలో మూలవాసీ యుద్ధఖైదీలకి కాపలా అధికారి. జైలు నడిపిన అనుభవంతో బడి పెట్టాడన్నమాట.

ఆయన ఉద్దేశం మూలవాసుల పిల్లల్ని చంపడం కాదు. 'బాగుచెయ్యడం'. ఆయన దృష్టిలో బాగుచెయ్యడం అంటే వాళ్లలో ఉన్న మూలవాసిని మిగలకుండా చెయ్యడం. రైల్లో వేల మైళ్ల దూరం తీసుకొచ్చేవాళ్లు. రాగానే జుట్టు కత్తిరించేవాళ్లు. చాలా తెగల్లో జుట్టు కత్తిరించుకోవడమంటే ఇంట్లో చావు జరిగినట్టు. బట్టలు తీసేసి మిలిటరీ యూనిఫాం తొడిగేవాళ్లు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఎండాకాలం సెలవుల్లో కూడా చాలామందిని ఇంటికి పంపకుండా తెల్లవాళ్ల ఇళ్లలో, పొలాల్లో పనికి పెట్టేవాళ్లు.

పేర్లు కూడా మార్చారు. మొదటి బ్యాచ్‌లో వచ్చిన లకోటా తెగ పిల్లవాడొకడు పెద్దయ్యాక 1928లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన సంగతి ఇది. బోర్డు మీద ఏవో తెల్ల గీతలు గీసి ఉన్నాయి. అవి అక్షరాలని కూడా అతనికి తెలీదు. టీచరు చేతికి కర్ర ఇచ్చి వాటిలో ఒకటి చూపించమంది. యుద్ధంలో శత్రువుని తాకినట్టుగా వెళ్లి ఒకదాన్ని తాకాడు. ఆ గీతలు 'లూథర్' అన్న పేరు. ఆ రోజు నుంచి అతను లూథర్ స్టాండింగ్ బేర్. అంతకుముందు అతని పేరు ఓటా క్టే.

నేను ఇది చదివినప్పుడు ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

బంతి ఎట్లా వచ్చింది

ప్రాట్‌కి మొదట ఫుట్‌బాల్ ఇష్టం లేదు. ఒక పిల్లవాడి కాలు విరిగితే బయటి జట్లతో ఆడటం ఆపేశాడు. పిల్లలు గుంపుగా వెళ్లి బతిమాలితే రెండు షరతుల మీద ఒప్పుకున్నాడని ఆయనే రాసుకున్నాడు. ఒకటి, అవతలివాడు గుద్దినా మీరు తిరిగి గుద్దకూడదు. గుద్దితే 'చూడండి, వీళ్లు అడవి మనుషులే' అంటారు. రెండు, కొన్నేళ్లలో దేశంలోని పెద్ద జట్లని ఓడించాలి.

1899లో గ్లెన్ వార్నర్ అనే కోచ్ వచ్చాడు. అందరూ 'పాప్' వార్నర్ అంటారు. మధ్యలో మూడేళ్లు వేరే చోటికి పోయి 1907లో మళ్లీ వచ్చాడు. ఆయనకీ ఆ పిల్లలకీ కలిసి పుట్టిన ఐడియాలే ఇవాళ్టి అమెరికన్ ఫుట్‌బాల్‌లో చాలావరకు ఉన్నాయి. మనవాళ్లు తేలిక, అవతలివాళ్లు బరువు. కాబట్టి బంతి ఎవరి దగ్గరుందో తెలియకుండా చెయ్యాలి. ఒకడికి ఇచ్చినట్టు నటించి ఇంకొకడికి ఇవ్వడం, కుడికి ఉరికినట్టు ఉరికి ఎడమకి పోవడం. సీఎస్ భాషలో చెప్పాలంటే ఇన్ఫర్మేషన్ హైడింగ్. ఎదుటివాడికి నీ ఇంటర్‌ఫేస్ మాత్రమే కనబడాలి, లోపల ఏం జరుగుతోందో కనబడకూడదు.

1903లో హార్వర్డ్ మీద వాళ్లు చేసిన పని వింటే నవ్వొస్తుంది. చార్లెస్ డిలన్ అనే ఆటగాడి చొక్కా వెనకాల బంతి పట్టేలా ముందే సిద్ధం చేసి పెట్టారు. తన్ని పంపిన బంతిని పట్టుకుని, అందరూ గుంపుగా చేరి, దాన్ని డిలన్ చొక్కాలోకి దూర్చేశారు. హార్వర్డ్ వాళ్లు బంతి ఏదిరా అని వెతుక్కుంటుంటే డిలన్ ఖాళీ చేతులు ఊపుకుంటూ మైదానం చివరిదాకా ఉరికి టచ్‌డౌన్ చేశాడు. ఆ మ్యాచ్ చివరికి ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు, 12–11. కానీ ఆ కథ మాత్రం మిగిలిపోయింది.

1907లో ఫార్వర్డ్ పాస్ పూర్తిగా చేతికొచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ మీద 26–6. ఆ ఏడే మొదటిసారి హార్వర్డ్ మీద గెలుపు, 23–15. మొత్తం సీజన్‌లో 10 గెలుపులు, ఒకే ఓటమి. నాకు ఆశ్చర్యమనిపించిన సంగతి, ఆ జట్టులో ఒక్కొక్కరిది ఒక్కో తెగ, ఒక్కో భాష. మైదానంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే వాళ్లకి ఉన్న ఉమ్మడి భాష ఇంగ్లీషు. కొట్టి నేర్పిన భాషతోనే వాళ్లు ఒక్క జట్టయ్యారు. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

1911: రెండు మైదానాలు

1911ని మన దేశంలో ఆట తెలిసినవాళ్లెవరూ మర్చిపోరు. ఆ జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద 2–1తో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. మన ఆటగాళ్లలో ఒక్కడికి తప్ప ఎవరికీ కాళ్లకు బూట్లు లేవు. గెలిచింది ఒక కప్పే, కానీ తెల్లవాడు ఓడతాడు అని వేలమంది కళ్లారా చూశారు.

సరిగ్గా మూడున్నర నెలల తర్వాత, నవంబర్ 11న, భూగోళం అవతలి పక్క కార్లైల్ వాళ్లు హార్వర్డ్ మైదానంలో దిగారు. హార్వర్డ్ కోచ్‌కి వీళ్లంటే ఎంత చులకనంటే, మొదట రిజర్వ్ ఆటగాళ్లని దించి అసలు జట్టుని చివరి దాకా పక్కన కూర్చోబెట్టాడు. కార్లైల్ తరఫున జిమ్ థార్ప్ అనే కుర్రాడు దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టుకుని ఆడాడు. ఆ కాలితోనే నాలుగు ఫీల్డ్ గోల్స్ తన్నాడు. నాలుగు మూళ్లు పన్నెండు. అప్పట్లో టచ్‌డౌన్‌కి 5, దాని తర్వాతి కిక్‌కి 1. మొత్తం 18. హార్వర్డ్ 15.

తర్వాతి వారమే సిరక్యూజ్ చేతిలో 12–11తో ఓడిపోయారు. అదొక్కటే ఆ సీజన్‌లో ఓటమి. 11 గెలుపులు, 1 ఓటమి.

థార్ప్ ఓక్లహోమా నుంచి వచ్చిన సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. ఇంటి పేరు కాదు, అమ్మ పెట్టిన పేరు వా-థో-హక్. వెలుగు దారి అని అర్థం. 1912 జులైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. అదే బడి నుంచి లూయిస్ తెవానిమా అనే హోపీ తెగవాడు 10,000 మీటర్ల పరుగులో వెండి తెచ్చాడు. ఈ తెవానిమాని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

1912: ఆ వరుస

ఒలింపిక్స్ నుంచి వచ్చి థార్ప్ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో 0–0 డ్రా. పోయిన ఏడు ఓడించిన సిరక్యూజ్ మీద 33–0. అట్లా పోతూ పోతూ నవంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ చేరారు. అది అమెరికా మిలిటరీ ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ. స్కోర్ల టేబుల్‌లో 'ఆర్మీ' అని రాసింది దాన్నే.

ఆ మ్యాచ్ ఎందుకు మామూలు మ్యాచ్ కాదో ఒక్క లెక్క చెప్తే చాలు. 1890 డిసెంబర్ 29న ఉండెడ్ నీ అనే వాగు దగ్గర అమెరికా సైనికులు ఆడవాళ్లు, పిల్లలతో కలిపి రెండొందల యాభై మందికి పైగా లకోటాలని కాల్చి చంపారు. అంటే ఈ మ్యాచ్‌కి 22 ఏళ్ల ముందు. మైదానంలో ఒక పక్క ఉన్నవాళ్లు ఆ సైన్యానికి కాబోయే ఆఫీసర్లు. ఇంకో పక్క ఉన్నవాళ్లు ఆ సైన్యం చేతిలో ఓడిపోయిన తెగల పిల్లలు. ఇద్దరూ సమానంగా పదకొండు మంది, ఒకే రూల్స్, మధ్యలో ఒక బంతి. చరిత్రలో వాళ్లిద్దరికీ సమానమైన నేల దొరికింది అక్కడేనేమో.

ముందు ఆర్మీయే టచ్‌డౌన్ చేసింది, 6. తర్వాతి కిక్ పోయింది. ఆ తర్వాత మళ్లీ వాళ్లకి ఒక్క పాయింటూ రాలేదు. కార్లైల్ వాళ్లు బంతి దాచడం, మోసపు మలుపులు, విసరడం అన్నీ కలిపి వదిలారు. క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్ నడిపించాడు. థార్ప్‌ని పట్టుకోవడానికి అందరూ అటు పోతే, ఇటు నుంచి అలెక్స్ ఆర్కాసా మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆర్మీ కెప్టెన్ కోపం ఆపుకోలేక జో గయాన్ అనే కార్లైల్ ఆటగాణ్ణి కొట్టి, బయటికి పంపించబడ్డాడు. ప్రాట్ పెట్టిన మొదటి షరతు గుర్తుందా? అడవి మనుషులని పిలిపించుకున్నవాళ్లు ఆట ఆడారు, పెద్దమనుషుల అకాడమీ కెప్టెన్ చెయ్యి చేసుకున్నాడు.

నాలుగు టచ్‌డౌన్లు, మూడు కిక్‌లు. 27–6.

ఆ రోజు ఆర్మీ తరఫున ఆడినవాళ్లలో డ్వైట్ ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఐరోపాలో మిత్రసేనల్ని నడిపి, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవరే. కార్లైల్ మ్యాచ్ తర్వాత ఎక్కువ రోజులు కాకముందే మోకాలు దెబ్బతిని అతని ఫుట్‌బాల్ ఆగిపోయింది.

తర్వాతి వారం పెన్సిల్వేనియా మీద 34–26తో ఓడిపోయారు. అదొక్కటే ఓటమి. చివరి మ్యాచ్ బ్రౌన్ యూనివర్సిటీ మీద 32–0. మొత్తం 12 గెలుపులు, 1 ఓటమి, 1 డ్రా. సీజన్ మొత్తంలో కొట్టినవి 500కి పైగా పాయింట్లు.

డేటా ఎక్కడ పోయింది

గెలుపు తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది సినిమా అయిపోతుంది.

1913 జనవరిలో ఒక పేపర్ రాసింది, థార్ప్ అంతకుముందు సెలవుల్లో నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని. అప్పట్లో డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడు. అప్పటి కాలేజీ కుర్రాళ్లు చాలామంది వేరే పేర్లతో అట్లాగే ఆడేవాళ్లు. థార్ప్ సొంత పేరుతో ఆడాడు. అభ్యంతరం చెప్పడానికి 30 రోజుల గడువు ఉంటే, అది ఎప్పుడో దాటిపోయింది. అయినా పతకాలు లాక్కున్నారు. వార్నర్, బడి సూపరింటెండెంట్ ఇద్దరూ మాకేమీ తెలియదన్నారు.

మరుసటి ఏడు, 1914లో, అమెరికా కాంగ్రెస్ ఆ బడి మీద విచారణ పెట్టింది. పెట్టించింది ఎవరో కాదు, పిల్లలే. గస్ వెల్ష్ ముందుండి సంతకాలు సేకరించాడు. జట్టు ఎక్కువగా బయటి ఊళ్లలో ఆడేది, టికెట్ల డబ్బు బాగా వచ్చేది. ఆ డబ్బు ఎటు పోతోంది, కోచ్ మమ్మల్ని బూతులు ఎందుకు తిడుతున్నాడు, అని అడిగారు. సూపరింటెండెంట్ ఉద్యోగం పోయింది. వార్నర్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆర్మీని ఓడించడం కన్నా ఈ సంతకాలే పెద్ద ధైర్యం అని నాకనిపిస్తుంది. మైదానంలో రూల్స్ ఉంటాయి, రిఫరీ ఉంటాడు. హాస్టల్లో ఎవరుంటారు?

1918లో బడి మూసేశారు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది, మిలిటరీకి ఆ బ్యారక్స్ మళ్లీ కావాల్సొచ్చాయి. ఆస్పత్రి చేశారు. ఇప్పుడక్కడ ఆర్మీ వార్ కాలేజ్ ఉంది. అదీ మా టేబుల్‌లో వరుసలు ఆగిపోయిన కారణం. జట్టు ఓడిపోయి పోలేదు. దాని కింద ఉన్న నేలని అసలు యజమాని వెనక్కి తీసుకున్నాడు.

థార్ప్ తర్వాత వృత్తి ఫుట్‌బాల్ ఆడాడు. ఇప్పటి ఎన్ఎఫ్ఎల్‌గా మారిన సంఘానికి 1920లో మొదటి అధ్యక్షుడయ్యాడు. 1953లో పోయాడు. ఆయన పోయిన ముప్పై ఏళ్లకి, 1983లో, పతకాల నకళ్లు కుటుంబానికి ఇచ్చారు. ఆ రెండింటికీ ఆయనొక్కడే విజేత అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022లో. ఇంకో తేదీ కూడా చెప్పాలి. అమెరికాలో పుట్టిన మూలవాసులందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924లో వచ్చింది.

నా సంగతి, గండికోట సంగతి

లూథర్ పేరు దగ్గర ల్యాప్‌టాప్ ఎందుకు మూసేశానో చెప్తానన్నాను.

నేను చదివింది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. మా స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైన్. ఎవరు మాట్లాడారో క్లాస్ లీడర్ రాసిపెట్టేవాడు. ఆ లీడర్ని నేనే. నాలుగో తరగతిలో తోటి పిల్లల పేర్లు నోట్‌బుక్‌లో రాసి, మేడమ్ దగ్గర 'గుడ్' అనిపించుకున్నాను. ఈ వ్యాసం చదువుతున్న మీలో సగం మంది ఆ లిస్టులో ఉండుంటారు, లేదా ఆ లిస్టు రాసుంటారు.

రెండూ ఒకటే అని నేననట్లేదు. అట్లా అంటే ఆ పిల్లలకి అన్యాయం చేసినట్టే. నన్ను ఎవరూ రైలెక్కించి తీసుకుపోలేదు. మా నాయన సంతోషంగా ఫీజు కట్టాడు, సాయంత్రానికి ఇంటికొచ్చేవాణ్ణి, ఇంట్లో మా అవ్వ ఉండేది. కానీ పద్ధతి పోలిక చూడండి. ఒక భాష మాట్లాడటం తప్పు అని పదేళ్ల పిల్లవాడికి నేర్పడం, ఆ తప్పుని పట్టుకునే పని ఇంకో పిల్లవాడికి ఇవ్వడం. నాకు ఇప్పటికీ తెలుగులో ఒక పేజీ రాయాలంటే గంట పడుతుంది. ఈ వ్యాసంలో ఒత్తులు మా క్లబ్ సీనియర్లు దిద్దారు.

సంక్రాంతి సెలవులకి ఊరికి పోయినప్పుడు అవ్వని గండికోటకి తీసుకెళ్లాను. జమ్మలమడుగు దాటి పోతే పావుగంట, ఇరవై నిమిషాలు. కోట లోపల జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసుకుంటూ చివరికి పోతే నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కింద పెన్నా. రెండు పక్కలా ఇటుకలు పేర్చినట్టు ఎర్రటి రాళ్లు. అక్కడ ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని 'ఇండియా గ్రాండ్ కాన్యన్‌కి స్వాగతం' అని వీడియో తీసుకుంటున్నాడు.

"ఆ పిల్లోడు ఏమంటాండాడ్రా?" అంది అవ్వ.

"అమెరికాలో ఇట్లాంటిదే ఒకటి ఉందంట అవ్వా, దాని పేరు పెట్టి చెప్తాండాడు."

"దీనికి పేరు లేదా? గండి గదా."

నిజమే కదా. కొండని తెంచుకుని నది పోయిన చోటు గండి. గండి మీద కోట, గండికోట. పేరులోనే మొత్తం భూగోళశాస్త్రం ఉంది. మన ప్రాంతానికి కూడా చాలాకాలం వేరేవాళ్లు పెట్టిన పేరే. 1800లో నిజాం మనల్ని కంపెనీకి ఇచ్చేస్తే 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అన్నారు, తెలుగులో దత్తమండలాలు. అంటే ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన నేల. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు చెప్పేదాకా అదే మన పేరు. ఇంకో వింత, 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ అనే తెల్లాయన తెలుగు నేర్చుకుని, తాళపత్రాలు వెతికించి, నిఘంటువు చేసి పెట్టాడు. భాష నేర్చుకున్న పరాయివాడూ ఉన్నాడు, భాష మరిపించిన పరాయివాడూ ఉన్నాడు.

అసలు గ్రాండ్ కాన్యన్‌కి కూడా సొంతవాళ్లు ఉన్నారు. హోపీలు తమ పూర్వీకులు ఈ లోకంలోకి వచ్చింది ఆ లోయలోంచే అని నమ్ముతారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తెవానిమా ఆ హోపీనే. పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపమని ఎదురుతిరిగిన హోపీలని సైన్యం పట్టుకుంది, వాళ్లలో కొందరిని 1907లో కార్లైల్‌కి పంపింది. అందులో ఇతనొకడు. ఖైదీగా వచ్చి ఆ దేశానికే ఒలింపిక్ పతకం తెచ్చాడు. తర్వాత? అదే ఏడు తన ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. గొర్రెలు మేపుకున్నాడు, పంట పండించుకున్నాడు, తన దేవుళ్లకి తన భాషలో మొక్కుకున్నాడు. ఒలింపిక్స్ 10,000 మీటర్లలో అతని వెండిని 1964 దాకా ఏ అమెరికనూ దాటలేదు. దాటినవాడు బిల్లీ మిల్స్, లకోటా తెగవాడు.

రాతి మీద కూర్చుని ఈ కథంతా అవ్వకి చెప్పాను. ఫుట్‌బాల్ రూల్స్ కూడా, చెడుగుడు పోలిక పెట్టి. 27–6 అంటే అవ్వ ఏమీ అనలేదు. కొంచెం సేపు నదిని చూసి ఒకటే అడిగింది.

"ఆ పిల్లోళ్లు మళ్లా ఇండ్లకు పొయ్యినారా?"

తెవానిమా పోయాడని చెప్పాను. అందరూ పోలేదు. జబ్బు చేసి ఆ బడిలోనే చచ్చిపోయిన పిల్లల సమాధులు అక్కడ రెండొందలకు దగ్గరగా ఉన్నాయి. 2017 నుంచి తెగలవాళ్లు వచ్చి, తమ పిల్లల ఎముకల్ని తవ్వి తీసుకుని, సొంత ఊళ్లకి పట్టుకుపోతున్నారు. నూరేళ్ల తర్వాత సెలవులు ఇచ్చినట్టు. 2024 అక్టోబర్‌లో అమెరికా ప్రెసిడెంట్ ఇట్లాంటి బడులన్నిటి గురించి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. డిసెంబర్‌లో కార్లైల్ బడిని జాతీయ స్మారకంగా ప్రకటించాడు.

"నూరేండ్లకా," అంది అవ్వ. అంతే.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ప్రాజెక్ట్ కోడ్ తెరిచాను. డేటా లేని జట్లని డ్రాప్ చేసే ఆ ఒక్క లైను తీసేశాను. మోడల్ కచ్చితత్వం కొంచెం తగ్గింది. వైవాలో సార్ ఎందుకు అని అడిగారు. కార్లైల్ అని ఒక జట్టు ఉండేది సార్, అని మొదలుపెట్టాను.